బుగులు, రంది: ఊరి నుంచి హైటెక్ సిటీ దాకా

(ఊళ్లల్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు, ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు, సంఘం కార్యకర్తలు కూర్చున్న సభలో, గచ్చిబౌలి పక్క బస్తీలో చేసిన ప్రసంగం పాఠం)



ఈ రోజు నేను భూమి గురించి మాట్లాడను. కూలి రేట్ల గురించి, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడను. వాటి గురించి మాట్లాడేటోళ్లు మన వేదికల మీద చాలామంది ఉన్నారు. మనిషి లోపల జరిగే సంగతి ఒకటి ఉన్నది, దాని గురించి చెప్పాలనుకుంటున్న. కొట్లాట గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఆ కొట్లాటకు పోయొచ్చిన మనిషి రాత్రి నిద్రపట్టక దూలాలు లెక్కపెడుతున్న సంగతి వాళ్లింట్లో ఆడమనిషికి తప్ప ఎవరికీ తెల్వదు. ఆమెకు నిద్రపట్టని సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెల్వదు.

నేను పెద్ద డాక్టర్ను కాను. సర్కారు దవాఖానలో మానసిక జబ్బుల ఓపీ కాడ పనిచేసే మనిషిని. పొద్దున్నుంచి వచ్చేటోళ్లను చూస్త, వాళ్లతోటి మాట్లాడుత. అంతమటుకే నాకున్న అధికారం.

డాక్టర్లు ఆంగ్జయిటీ అంటరు, డిప్రెషన్ అంటరు. పుస్తకాల్లో ఆందోళన, కుంగుబాటు అని రాస్తరు. పేర్లు కొత్తవి గానీ జబ్బులు కొత్తవి కావు. మన తెలంగాణ పల్లెల్లో బుగులు అన్నరు, రంది అన్నరు. కోస్తా జిల్లాల్లో గాబరా, బెంగ, దిగులు అంటారు. 'ఆమె రందితోటి ఎండిపోయింది' అని మన అవ్వలు చెప్తుంటే వినే ఉంటరు. రంది మనసుకు పట్టింది, ఎండింది మాత్రం ఒళ్లు. మనసు వేరు, ఒళ్లు వేరు అని చదువుకున్నోళ్లు చాలాకాలం వాదించుకున్నరు. మన అవ్వలకు ఆ వాదన అక్కర్లేకపోయింది.

అసలు ఒంట్లో ఏం జరుగుతదో చెప్తాను, వినండి.

పొలం గట్టు మీద పోతుంటే కాళ్ల ముందర తాచుపాము పడగ ఎత్తింది అనుకోండి. మీరు ఆలోచించే లోపలే ఒళ్లు పని మొదలుపెడుతది. మెదడు లోపల బాదంగింజంత ముక్క ఒకటి ఉంటది, అమిగ్డలా అంటరు. అది రాత్రిపూట ఊరికి కావలి తిరిగే మనిషి లాంటిది. అది కేక వేసిందంటే, మూత్రపిండాల మీద టోపీల్లెక్క కూర్చున్న రెండు గ్రంథుల నుంచి అడ్రినలిన్ అనే రసం రక్తంలో కలుస్తది. గుండె దడదడ కొట్టుకుంటది, ఎందుకంటే ఉరకడానికి కాళ్లకు రక్తం కావాలె. ఊపిరి వేగం అయితది. నోరు ఎండుతది, అరచేతుల్లో చెమట పడుతది. కడుపులో అరుగుదల నెమ్మదిస్తది, పాము ముందర నిలబడ్డప్పుడు అన్నం అరిగితే ఎంత అరగకపోతే ఎంత. ఇది జబ్బు కాదు. ఇది లేకపోతే మన తాతముత్తాతలు బతికి బట్టకట్టేవాళ్లే కాదు. పాము పొదలోకి పోయినంక కాసేపటికి ఒళ్లు మళ్లా సర్దుకుంటది.

ఆ పాము పోకపోతే? రోజూ పొద్దున లేస్తే కాళ్ల ముందరే ఉంటే?

అప్పుడు కార్టిసాల్ అనే ఇంకో రసం దినాలు, నెలలు ఒంట్లో ఎక్కువై ఉంటది. అది రక్తంలో చక్కెరను పెంచుతది. బీపీ మీద ఒత్తిడి పెడుతది. నిద్రను ముక్కలు చేస్తది. కడుపుకు మెదడుకు మధ్య నరాల దారి ఉన్నది గనక గ్యాస్, మంట, మాటిమాటికి విరేచనాలు. మెడ కండరాలు బిగుసుకుపోయి తల నొప్పి. ఆడపిల్లల్లో నెలసరి తప్పడం. ఏ చిన్న జ్వరం వచ్చినా తొందరగా తగ్గకపోవడం. మా ఓపీకి వచ్చే వాళ్లలో చాలామంది ముందు గ్యాస్ డాక్టరు దగ్గరికి, గుండె డాక్టరు దగ్గరికి పోయి, వేలు ఖర్చుపెట్టుకొని ఆఖరున మా తలుపు తడతరు. పల్లెలో అయితే ఆరెంపీ డాక్టరు ఒక గ్లూకోజ్ సీసా, ఒక బీకాంప్లెక్స్ సూది పెట్టి మూడు వందలు తీసుకుంటడు. రెండు రోజులు నయమనిపిస్తది, మూడోనాడు మామూలే.

ఇంకొంతమందికి ఒక్కసారిగా వస్తది. అర్ధరాత్రి గుండె పగిలిపోతున్నట్టు, ఊపిరి ఆడనట్టు, చేతులు తిమ్మిరెక్కి ఇప్పుడే ప్రాణం పోతదన్నట్టు అయితది. పానిక్ అటాక్ అంటరు. పది నిమిషాల్లో పైకెక్కి, మెల్లగ దిగుతది. మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష చేయించాల్సిందే, అందులో సందేహం లేదు. ఈసీజీ మంచిగుంటే డాక్టరు 'ఏమీ లేదు పో' అంటడు. ఆ మాట తప్పు. గుండెకు ఏమీ లేదు, అంతే. మనిషికి ఉన్నది. దానికి మందున్నది.

ఇగ ఈ చోటు సంగతికి వద్దాం. మనం ఇప్పుడు కూర్చున్న ఈ నేల, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఒకప్పుడు ఊళ్లే. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించిండు. ఆ తర్వాత అద్దాల మేడలు లేచినయి. ఆ మేడల్లోకి మనోళ్లు రెండు దారుల్లో పోతున్నరు. ముందు తలుపు నుంచి లాప్‌టాప్ సంచి వేసుకొని పోయే పిల్లలు కొందరు. వెనక తలుపు నుంచి చీపురు, బకెట్ పట్టుకొని పోయే అమ్మలు, గేటు కాడ పన్నెండు గంటలు నిలబడే అన్నలు చాలామంది. ఒకే వాడ నుంచి వచ్చిన ఇద్దరు ఒకే బిల్డింగులో ఉంటరు, లిఫ్టులో ఎదురుపడితే ఒకరినొకరు చూడనట్టు పోతరు. ఎందుకో మీకు తెలుసు.

ముందు తలుపు పిల్లల పాము ఎట్లుంటదో చెప్త. చేరిన మొదటి వారమే అడుగుతరు, 'ఇంటిపేరేంటి?' అని. తర్వాత 'మీ ఊర్లో ఏ వైపు?' ఆ తర్వాత నవ్వుకుంట 'ఎంసెట్‌లో ర్యాంకెంత?' ర్యాంకు చెప్తే, వచ్చిన కాలేజీతోటి లెక్కగట్టి కులం తీసేస్తరు. మన పిల్లలు గణితంలో వెనకబడ్డరంటరు గానీ, ఈ లెక్కలో వాళ్లు మనకన్న ముందున్నరు. ఇల్లు కిరాయికి పోతే 'మీరేమిట్లు?' అంటరు. టిఫిన్ డబ్బా మూత తీసేముందు అటూ ఇటూ చూడాలె. ఏప్రిల్ 14న వాట్సాప్‌లో బాబాసాహెబ్ ఫొటో పెట్టాల్నా వద్దా అని రాత్రంతా ఆలోచించాలె. ఇవి ఒక్కొక్కటి చూస్తే చిన్నవే. ఎవ్వరూ కొట్టలేదు, తిట్టలేదు, కేసు పెట్టడానికి సెక్షన్ దొరకదు. కానీ కావలి మనిషి లోపల కేక వేస్తనే ఉంటడు. అమిగ్డలాకు పాము వేరు, మేనేజర్ చూపు వేరు అని తెల్వదు.

బాబాసాహెబ్‌కు కూడ ఇది జరిగింది. 1917లో అమెరికాలో, లండన్‌లో చదువుకొని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిండు. ఉండడానికి ఇల్లు ఎవరూ ఇయ్యలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకొని దిగిండు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిన్రు. బొంబాయి రైలుకు ఇంకా టైముంటే ఒక తోటలో పోయి కూర్చున్నడు. మనసు సగం బీడుబడి, సగం దుఃఖంతోటి నిండి, చిన్నపిల్లవాని లెక్క అమ్మానాన్నను తలుచుకుంటు కూర్చున్నట్టు తనే రాసుకున్నడు. ఆయన విగ్రహం కింద నిలబడి మనం వేలు పైకెత్తి ఫొటోలు దిగుతం. తోటలో కూర్చున్న ఆ అంబేద్కర్‌ను కూడ పిల్లలకు చెప్పాలె. పేరు దాచుకొని పీజీ హాస్టల్లో ఉంటున్న పిల్లకు అప్పుడు తను ఒంటరిదాన్ని కాదని తెలుస్తది.

ఇది ఊహ అనేటోళ్లకు ఒక లెక్క చెప్త. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే తీరు చదువు, అనుభవం రాసి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపిన్రు. 2007లో ఫలితం అచ్చు వేసిన్రు. పెద్దకులం హిందూ పేరుతోటి పోల్చితే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం ఇంచుమించు మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. ఉన్నది రిఫరెన్స్ ఒక్కటే, అంటే లోపల ఉన్నోడు తనోణ్ణి పిలుచుకోవడం. మనోడిని పిలిచేటోడు లోపల ఎవరున్నరు? అందుకే లేఆఫ్ అనే మాట వినబడితే అందరికీ భయమే గానీ, మన పిల్లకు ఇంకో తీరు భయం. వెనక్కు పోతే ఎకరం పొలం లేదు. తమ్ముడి ఫీజు ఈమె జీతం మీద ఉన్నది. చెల్లె పెండ్లికి తెచ్చిన అప్పు ఈమె పేరు మీద ఉన్నది. ఊర్లో తల్లి 'మా బిడ్డ హైటెక్ సిటీల ఉన్నది' అని తలెత్తి తిరుగుతున్నది. ఆ తల ఎత్తు కూడ ఈ పిల్ల మెడ మీదనే ఉన్నది. అమ్మలారా, మిమ్మల్ని తప్పుపట్టడానికి అంటలేను. ఫోన్ చేసినప్పుడు 'జీతం పెరిగిందా' అని అడిగే ముందు 'నిద్ర పడుతుందా బిడ్డా' అని అడగండి.

వెనక తలుపు వాళ్ల సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్లకు జబ్బు పడే హక్కు కూడ లేదు. ఒక్క దినం రాకపోతే కాంట్రాక్టరు ఇంకొకరిని పెడతడు. రాత్రి డ్యూటీ నెలల తరబడి చేస్తే ఒంట్లో గడియారం తప్పుతది. చీకటి పడితే మెదడులో మెలటోనిన్ అనే రసం ఊరి నిద్ర తెస్తది. పొద్దంతా రేకుల షెడ్డులో ఉడికిపోతూ పండుకుంటే ఆ నిద్ర నిద్ర కాదు. నిద్ర లేని మనిషికి బుగులు తొందరగా పడుతది. దానికి మగోళ్లు కనిపెట్టిన మందు సీసా. కల్లు సంగతి యాదికి ఉన్నదా? 2015లో సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేస్తే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వందలమంది చేతులు వణుక్కుంట, పిచ్చిచూపులు చూసుకుంట దవాఖానలకు వచ్చిన్రు. ఆ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం కలిపేటోళ్లు. రెండూ బుగులు తగ్గించే గోళీలే. అంటే ఏమన్నట్టు? డాక్టరు చీటీ లేకుండ, కొలత లేకుండ, కూలీనాలీ జనం ఏండ్లకేండ్లు బుగులు మందు తాగిన్రన్నమాట. వాళ్లను తాగుబోతులని తిట్టినం గానీ, ఇంత బుగులు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు.

బుగులు గురించి చాలా చెప్పిన. రంది దానికి ఎదురు తీరు. బుగులులో ఒళ్లు ఉరుకుతది, రందిలో ఒళ్లు కూలబడుతది. కొంతమందిలో రెండూ కలిసే ఉంటయి. బాధ రాని మనిషి ఉండడు, ఇంట్లో చావు జరిగితే ఏడుస్తం, అది జబ్బు కాదు. రెండు వారాలు దాటి, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ సేపు మనసు బరువుగ ఉంటే, ఇంతకుముందు ఇష్టమున్న పని మీద మనసు పోకపోతే, నిద్ర తగ్గినా మరీ ఎక్కువైనా, ఆకలి పోయినా, ఊరికెనే అలసట అయినా, చదివింది తలకెక్కకపోయినా, 'నేనెందుకూ పనికిరాను' అనిపిస్తున్నా, చచ్చిపోతే బాగుండనిపించినా, అప్పుడు అది రంది జబ్బు. ఏడుపు రావాలని లేదు. కొందరికి ఏడుపు కూడ రాదు, అదే వాళ్ల బాధ. మగోళ్లలో కోపం లెక్క బయటపడుతది. మెదడులో ఒక రసం తక్కువైందని ఒక్క ముక్కలో చెప్తుంటరు, సంగతి అంత తేలిక కాదు. నిద్ర, రసాలు, నరాల దారులు, పుట్టుక నుంచి వచ్చింది, బతుకులో పడ్డ దెబ్బలు, అన్నీ కలుస్తయి. ఏండ్ల తరబడి సాగితే జ్ఞాపకం మోసే మెదడు ముక్క కొందరిలో కొంత చిన్నబడ్డట్టు స్కానుల్లో చూసిన్రు.

ఇక్కడ ఒక మోసం ఉన్నది, గమనించండి. రంది పట్టిన పిల్లకు తలకెక్కదు, పొద్దున లేవలేదు, పని ఆలస్యం చేస్తది. మేనేజరు ఏమంటడు, ప్రొఫెసరు ఏమంటడు? 'వీళ్లకు మెరిట్ లేదు, బద్ధకం' అంటడు. జబ్బు లక్షణాన్ని తీసుకొచ్చి కులం లక్షణమని రాస్తడు. ఆ మాట విన్న పిల్లకు రంది ఇంకింత పెరుగుతది.

ఈ గచ్చిబౌలిలోనే, ఇక్కడికి దగ్గర్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నది. 2008లో అక్కడ సెంథిల్ కుమార్ చనిపోయిండు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయిండు. దానికి ముందు సంగతి మీకు తెలుసు. ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన్రు. రోహిత్‌కు ఏడు నెలల ఫెలోషిప్ డబ్బులు రాలేదు. చలికాలంలో ఆరుబయట డేరా వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నరు. 2024లో పోలీసులు కేసు మూసేస్తమని కోర్టులో కాగితం పెట్టిన్రు, రోహిత్ ఎస్సీనే కాదన్నరు. తల్లి రాధికమ్మ ఒప్పుకోలేదు, మళ్లా దర్యాప్తు చేస్తమని అప్పటి డీజీపీ చెప్పాల్సి వచ్చింది.

ఈ చావుల దగ్గర మనం ఒక చిక్కుల పడుతున్నం. దాచకుండ మాట్లాడుకోవాలె. పిల్లవాడు పోయినప్పుడు యాజమాన్యాలు మొట్టమొదట అనే మాట, 'పాపం, డిప్రెషన్‌లో ఉన్నడండీ.' అంటే తప్పు వాడి మెదడుది, మాది కాదని. దానికి మనం, 'డిప్రెషన్ లేదు గిప్రెషన్ లేదు, ఇది వ్యవస్థ చేసిన హత్య' అంటం. ఆ కోపం న్యాయమే. కానీ ఆ మాటతోటి జబ్బు పేరెత్తడమే ద్రోహం అయిపోతున్నది. పక్క గదిలో అదే రందితోటి ఉన్న ఇంకో పిల్ల గోళీ వేసుకోవడానికి సిగ్గుపడుతున్నది, పోరాటం చేతగాక మందు మింగుతున్న అనుకుంటున్నది.

రాళ్ల క్వారీల పనిచేసేటోళ్లకు ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుంటది, సిలికోసిస్ వస్తది. జబ్బు కూలోని రొమ్ములో ఉన్నది. దుమ్ము యజమాని క్వారీలో ఉన్నది. 'వీడి ఊపిరితిత్తులు బలహీనం' అని యజమాని అంటే మనం ఒప్పుకోం. దుమ్ము యజమానిది గదా, కూలోనికి మందెందుకు అని మనమూ అనం. దుమ్ము మీద కేసు పెట్టాలె, దగ్గుకు మందు పోయాలె. రోహిత్ తల్లి, ముంబైలో 2019లో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వి తల్లి అబేదమ్మ, ఇద్దరూ కలిసి 2019లో సుప్రీంకోర్టుకు పోయిన్రు, క్యాంపస్‌లల్ల కుల వివక్షను ఆపే ఏర్పాటు కావాలని. అది దుమ్ము మీద కొట్లాట. దగ్గుకు మందు ఇంకా మన సంఘాల ఎజెండాలో ఎక్కలేదు.

పాటలు కట్టే అన్నలకు ఒక మాట, కోపం చేయొద్దు. చావును త్యాగం చేసి పాడకండి. పోయినోళ్ల బతుకును పాడండి, చదువును, కొట్లాటను పాడండి. ఎట్ల పోయిండో వర్ణించకండి. మీ పాట వినేవాళ్లలో ఇదే ఆలోచనతోటి కూర్చున్న పిల్ల ఒకతి ఉంటది. చావును గొప్పచేసి చెప్తే అదే బాటలో ఇంకొందరు పోతరని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ హెచ్చరిస్తున్నది. ప్రపంచంలో ఏటా 7 లక్షలమందికి పైగా ఆత్మహత్యతోటి పోతున్నరని లెక్క చెప్పేది కూడ అదే సంస్థ.

ఇగ మందుల సంగతి. రందికి, బుగులుకు ఇచ్చే గోళీలు, సెర్ట్రాలిన్, ఎసిటలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి, నిద్రగోళీలు కావు. కల్లులో కలిపినదాని లెక్క అలవాటు పడేవి కావు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతది. మొదటివారం కడుపులో తిప్పినట్టు ఉంటే భయపడి పారేయొద్దు, డాక్టరుకు చెప్పండి. మొదట్లో మనసు ఇంకా చెదిరినా, చావు ఆలోచన పెరిగినా అదే రోజు చెప్పాలె. నయమైనంక కూడ ఆరు నెలలు, ఆపైన వాడమంటరు, మధ్యలో టక్కున ఆపొద్దు. థైరాయిడ్, రక్తం తక్కువ కావడం కూడ రంది లెక్కనే కనబడతయి, అందుకే ముందు రక్తపరీక్ష అడగండి. గోళీ ఒక్కటే కాదు, మాటలతోటి చేసే వైద్యం కూడ ఉన్నది, దాన్ని కౌన్సెలింగ్ అంటరు. కొందరికి అదే చాలు. చర్చిలో ప్రార్థన చేయించుకుంటే నేను వద్దనను, మన జనంలో చాలామందికి అదే ధైర్యం. ప్రార్థన చేసుకొని గోళీ కూడ వేసుకోండి. గొలుసులు కట్టేకాడికి, కొట్టేకాడికి మాత్రం తీసుకపోవద్దు.

ఎర్రగడ్డ పేరును ఈ నగరం తిట్టు కింద వాడుకుంటది. 'ఎర్రగడ్డకు పంపాలె నిన్ను' అంటరు. ఎర్రగడ్డలో ఉన్నది సర్కారు మానసిక ఆరోగ్య సంస్థ, దవాఖాన. విశాఖలో చినవాల్తేరులో అట్లాంటిదే ఉన్నది. గాంధీలో, ఉస్మానియాలో మానసిక విభాగాలు ఉన్నయి. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దోళ్లలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఏదో ఒక మానసిక జబ్బు ఉన్నట్టు, వాళ్లలో ఎక్కువమందికి వైద్యం అందనట్టు తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు లేవు. మనల్ని లెక్కలో పెట్టకపోవడం మనకు కొత్త కాదు.

కార్యకర్తలు ఈ నాలుగు మాటలు రాసుకోండి. ఎవరి మీదన్న అనుమానం వస్తే సూటిగ అడగండి, 'చచ్చిపోవాలనిపిస్తుందా' అని. అడిగితే లేని ఆలోచన పుడుతదని భయపడొద్దు, అట్ల పుట్టదు. చెప్పుకొనే మనిషి దొరికిండని గుండె తేలికవుతది. ఆ రాత్రి వాళ్లను ఒంటరిగ వదలొద్దు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోనుంచి తీసేయండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటరు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, పైసలు ఉండవు, తెలుగులో మాట్లాడుతరు, రాత్రి పగలు ఉంటది. ప్రయత్నం చేసి బతికినోళ్ల మీద పోలీసు కేసు అయితదని దవాఖానకు తీసుకపోకుండ ఆగకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉన్నది. ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలె, శిక్షించొద్దు, వైద్యం ఇయ్యాలె అని 115వ సెక్షన్ చెప్తది. ఎస్సై బెదిరిస్తే ఆ నంబరు చెప్పండి.

కొండాపూర్, మాదాపూర్ హాస్టళ్లల్ల ఉండే మన పిల్లల పేర్లు ప్రతి మండలం కార్యకర్త దగ్గర ఉండాలె. నెలకు ఒక్కసారి ఫోన్. చందా కోసం కాదు, ఊరికెనే మాట్లాడడానికి. హౌస్‌కీపింగ్ అమ్మలకు డ్యూటీ దిగినంక ఈ బస్తీలోనే వారానికోసారి కూర్చుందాం, ముందు తలుపు పిల్లలు కూడ రావాలె. లిఫ్టులో పలకరించుకోలేనోళ్లు ఇక్కడ పలకరించుకోవచ్చు.

సోమవారం పొద్దున నాతోటి ఎర్రగడ్డకు వచ్చేటోళ్లు చేతులెత్తండి, పేరు సభలో చెప్పాల్సిన పనిలేదు. ఆధార్ జిరాక్స్, పాత చీటీలు, ఇప్పుడు వేసుకుంటున్న గోళీల అట్టలు పట్టుకొని రండి. లైను పెద్దగ ఉంటది, సద్దికూడ తెచ్చుకోండి.